ఆస్పత్రి బిల్లు సర్కారుది, ఇంట్లో మంచం మనది

పక్షవాతం వచ్చిన నాన్నగారికో, తుంటి ఎముక విరిగిన అమ్మమ్మకో చెన్నైలో సర్కారు పథకం కింద పైసా కట్టకుండా వైద్యం జరగొచ్చు. ఇంటికి తెచ్చాక డ్రెస్సింగ్ చేసే నర్సుకీ, రాత్రిళ్ళు కనిపెట్టుకుని ఉండే ఆయాకీ జీతం ఎవరిస్తారు అంటే, ఏ పథకమూ ఇవ్వదు. ఈ సంగతి చాలామందికి డిశ్చార్జి రోజున తెలుస్తుంది. కాస్త ముందు తెలిస్తే చేసుకోగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

2018లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకం ఆయుష్మాన్ భారత్ కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఇస్తుంది. తమిళనాడులో ఇది ముఖ్యమంత్రి బీమా పథకంతో కలిసి నడుస్తోంది. ఆ బీమాకి కుటుంబ ఆదాయం ఏడాదికి 1,20,000 దాటకూడదు. ఆస్పత్రికి వెళ్ళే డబ్బు ప్యాకేజీ లెక్కలో వెళ్తుంది: మంచం, డాక్టరు, నర్సింగ్, పరీక్షలు, మందులు, లోపల వేసే ప్లేటూ రాడ్డూ అన్నీ అందులోనే. నర్సింగ్ ఉందిగా అనుకోకండి, అది ఆస్పత్రి మంచం మీద ఉన్నన్నాళ్ళే. ఆయుష్మాన్ నిబంధనల్లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల దాకా మందులు, ఫాలోఅప్ ప్యాకేజీలోనే కలిసి ఉంటాయి. ఈ మందులు అడిగి తీసుకునేవాళ్ళు తక్కువ. అడగకపోతే బయట కొనుక్కోమని చీటీ చేతిలో పెడతారు.

ఆపరేషన్ లేని కేసులకు, అంటే న్యుమోనియా, పక్షవాతం లాంటివాటికి, రోజుల లెక్కన డబ్బు వస్తుంది. అనుమతించిన రోజులు అయిపోతే ఆస్పత్రి పొడిగింపు కోరాలి. మనిషి నిలకడగా ఉండి, ట్యూబులో ఆహారం ఎక్కించడం, పుండుకి కట్టు కట్టడం మాత్రమే మిగిలితే పొడిగింపు దొరకదు, ఎందుకంటే అది చికిత్స కాదు, సంరక్షణ అంటారు. ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర గొంతు పెంచితే మారే నిర్ణయం కాదిది. ఆ శక్తిని డిశ్చార్జి కాగితాల మీద పెట్టండి. అదెలాగో కింద చెప్తాను.

70 నిండినవాళ్ళకి 2024 అక్టోబర్ 29 నుంచి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. వయసుకి ఆధార్ కార్డే ప్రమాణం. చిక్కు వచ్చేది ఈ-కేవైసీలో, అంటే ఆధార్‌తో మనిషిని సరిచూసే దగ్గర. పెద్దవాళ్ళ వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టదు. ఓటీపీతో చేద్దామంటే ఆధార్‌లో పాత ఫోన్ నంబరు ఉంటుంది. ముందు నంబరు మార్పించి ఆ తర్వాతే ఆయుష్మాన్ యాప్ తెరవండి. అమ్మానాన్నలిద్దరికీ 70 దాటితే ఆ 5 లక్షలు ఇద్దరికీ కలిపే. సీజీహెచ్‌ఎస్ (కేంద్ర ఉద్యోగుల, పెన్షనర్ల ఆరోగ్య పథకం), ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికులది) ఉన్నవాళ్ళు మాత్రం రెంటిలో ఒకటి ఎంచుకోవాలి. నన్నడిగితే సీజీహెచ్‌ఎస్ వదులుకోకూడదు. డాక్టరుకి చూపించుకోవడం, నెలనెలా మందులు దానిలో ఉంటాయి, వయ వందనలో ఉండవు. ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్ళకి ఈ బెడద లేదు, రెండూ ఉంచుకోవచ్చు. కార్డు చేతిలో ఉన్నా, చేర్చే ముందు ఆ ఆస్పత్రి ఆ జబ్బుకి ఆ పథకం తీసుకుంటుందా అని అడగండి. ఎముకల విభాగానికి ఒప్పుకున్న ఆస్పత్రి న్యూరోకి ఒప్పుకోకపోవచ్చు.

చెన్నైలో ఉంటున్న మన తెలుగువాళ్ళలో ఇంకో గొడవ ఉంది. ఉంటున్నది పెరంబూరులో, ఆధారూ రేషన్ కార్డూ నెల్లూరువో చిత్తూరువో. ఆయుష్మాన్ కార్డు రాష్ట్రం దాటినా చెల్లుతుంది, కాకపోతే అనుమతి సొంత రాష్ట్రం నుంచి రావాలి, ఆలస్యమవుతుంది. ఆంధ్రా ఎన్టీఆర్ వైద్య సేవకి చెన్నైలోనూ నెట్‌వర్క్ ఆస్పత్రులున్నాయి. అయితే రాష్ట్రం బయట చేసే చికిత్సల జాబితా చిన్నది. 104కి ఫోన్ చేసి చికిత్స పేరు చెప్పి అడిగాకే బయల్దేరండి. ఆంధ్రాలో కార్డు ఉంచుకోవడానికి గట్టి కారణం మరొకటి ఉంది: పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 15,000 పింఛను. ఆయా జీతానికి పనికొచ్చే సర్కారు సొమ్ము నాకు తెలిసి ఇదే. అది అక్కడ నివాసం ఉండేవాళ్ళకి, వైద్య తనిఖీ కూడా ఉంటుంది. చెన్నై చిరునామాతో తమిళనాడు బీమా కార్డు తీసుకుంటే ఇది వదులుకోవాల్సిందే. ఏది లాభమో ఇంట్లో కూర్చుని లెక్కేసుకోండి.

రైల్వే, ఐసీఎఫ్ (రైలు పెట్టెల ఫ్యాక్టరీ) పెన్షనర్లకి ఉమీద్ అనే రైల్వే వైద్య కార్డుతో పెరంబూరు రైల్వే ఆస్పత్రి ఉంది. ఈఎస్‌ఐలో (కార్మికుల ప్రభుత్వ బీమా) కనీసం అయిదేళ్ళు ఉండి రిటైరైనవాళ్ళు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలిద్దరికీ కేకే నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రి తలుపు తెరిచే ఉంటుంది. ఈ విషయం తెలియక వదిలేసినవాళ్ళు బోలెడుమంది.

ఇక డిశ్చార్జి. సమ్మరీలో 'స్థిమితంగా ఉన్నారు, ఇంటికి పంపాం' అని రెండు ముక్కలు రాసిస్తే తర్వాత ఏ ఆఫీసులోనూ పని జరగదు. డాక్టరు చేత ఇవి రాయించండి: మంచం దిగలేరు, ముక్కు ట్యూబు ఏ సైజు, ఏ తేదీన వేశారు, యూరిన్ క్యాథెటర్ లేటెక్సా సిలికానా, ఎప్పుడు మార్చాలి, వీపు మీద పుండు ఉంటే ఎన్ని సెంటీమీటర్లు, ఏ దశ, ఫిజియోథెరపీ వారానికి ఎన్నిసార్లు, ఎన్ని వారాలు. క్యాథెటర్ రకం ఎందుకంటే, లేటెక్స్‌ది కొన్ని వారాల్లోనే మార్చాలి, సిలికాన్‌ది మూడు నెలల దాకా ఆగుతుంది. కాగితంలో లేకపోతే ఇంటికొచ్చిన నర్సు ఊహించుకుని మార్చేస్తుంది, లేదా మార్చకుండా వదిలేసి ఇన్‌ఫెక్షన్ తెస్తుంది. వార్డులో ఉన్న చివరి రెండు రోజులూ ఇంట్లో ఇద్దరు నర్సు పక్కనే నిలబడి నేర్చుకోవాలి. ఆహారం ఎక్కించే ముందు ట్యూబు జారలేదని చూసుకోవడం, తల వైపు ఎత్తి ఉంచడం, రెండు గంటలకోసారి పక్కకి తిప్పడం. ఒక్కరే నేర్చుకుంటే ఆ ఒక్కరికీ జ్వరం వచ్చిన రోజున ఇల్లంతా తల్లకిందులు.

ఇంటికొచ్చాక తమిళనాడులో నిజంగా పనికొచ్చేది 'మక్కళై తేడి మరుత్తువం', అంటే జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం అనే రాష్ట్ర ప్రభుత్వ పథకం. 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో మొదలైంది. బీపీ, షుగరు మాత్రలు ఇంటికి తెచ్చివ్వడంతో పాటు మంచాన పడ్డవాళ్ళకి పాలియేటివ్ నర్సు (నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ చూసే నర్సు), ఫిజియోథెరపిస్టు ఇంటికే వస్తారు, పొట్ట ద్వారా డయాలిసిస్ చేసుకునేవాళ్ళకి సంచులూ ఇస్తారు. ఆదాయం పట్టింపు లేదు. మీ వార్డుకి చెందిన కార్పొరేషన్ ఆరోగ్య కేంద్రానికి ఆధార్, సమ్మరీ జిరాక్సు పట్టుకెళ్ళి 'మంచం పట్టిన రోగి ఉన్నారు, పాలియేటివ్ జాబితాలో రాయండి' అని అడగాలి. బీపీ జాబితాలో పేరెక్కితే చాలదు, అది వేరు, ఇది వేరు. చాలామందికి మాత్రలొచ్చి నర్సు రాకపోవడానికి కారణం ఇదే. నర్సు రోజూ రాదు. ఆయా చేసే పని చేయదు కూడా. డ్రెస్సింగ్, క్యాథెటర్ మార్చడం తనకి వదిలి, రోజువారీ పనికి మాత్రమే మనిషిని పెట్టుకుంటే ఖర్చు బాగా తగ్గుతుంది, ఎందుకంటే ఏజెన్సీలు నర్సుకీ ఆయాకీ వేసే రేట్లలో తేడా చాలా ఉంటుంది. గిండీలో 200 పడకల జాతీయ వృద్ధుల వైద్య కేంద్రం ఉంది. అదీ ఆస్పత్రే, నెలల తరబడి ఉంచుకునే చోటు కాదు.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళలో 'అక్కడ మెడికేర్ ఇస్తుందిగా' అనే మాట వినిపిస్తుంది. మెడికేర్ అంటే అక్కడి పెద్దవాళ్ళ సర్కారు ఆరోగ్య బీమా. ఇస్తుంది, షరతుల మీద. ఆస్పత్రిలో వరసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి, సాధారణంగా 30 రోజుల్లోపు నర్సింగ్ కేంద్రంలో చేరితే మొదటి 20 రోజులు ఉచితం. 21 నుంచి 100 దాకా రోజుకి 2025 లెక్కన 209.50 డాలర్లు మనం కట్టాలి, 101వ రోజు నుంచి మొత్తం మనదే. ఇన్‌పేషెంట్‌గా చేర్చుకోకుండా 'అబ్జర్వేషన్' అని రాసి ఉంచిన రాత్రులు ఆ మూడు రోజుల్లో కలవవు. అక్కడ ఉద్యోగం చేయని తల్లిదండ్రులు గ్రీన్ కార్డుతో అయిదేళ్ళు నిరంతరంగా ఉన్నాకే మెడికేర్ కొనుక్కోగలరు. చెన్నైలో ఉన్న మంచానికైతే అది ఒక్క డాలరూ ఇవ్వదు.

మన జేబు నుంచి పెట్టక తప్పని దానికి పన్నులో కొంత వెసులుబాటు ఉంది. ఆరోగ్య బీమా లేని 60 దాటినవాళ్ళ వైద్య ఖర్చుకి 50,000 దాకా మినహాయింపు (1961 ఆదాయపు పన్ను చట్టంలో 80డి సెక్షన్), పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకే. నగదు చెల్లింపులు చెల్లవు. నర్సుకి, ఫిజియోకి బ్యాంకు ద్వారానే పంపి, రోగి పేరూ చేసిన పనీ రాసిన బిల్లు ప్రతి నెలా తీసుకోండి. ఏడాది చివర్లో ఒకేసారి అడిగితే ఏజెన్సీవాళ్ళు దొరకరు.