ఓడ మీద తిమింగలాల కాపలా: నా అనుభవం

"తిమింగలం కనపడితే చెప్పడానికి జీతమిత్తారా? మేం ఊరికే చెప్తాం కదరా!"

ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే మా నాన్న అన్న మొదటి మాట ఇది. అంతర్వేది పల్లిపాలెంలో ముప్పై ఏళ్లకు పైగా బోటు సరంగుగా చేసిన మనిషి. ఆయనకు ఆ మాత్రం వెటకారం చెల్లుతుంది.

ఉద్యోగం పేరు మెరైన్ మ్యామల్ అబ్జర్వర్, అంటే ఓడ దగ్గరకి తిమింగలాలు, డాల్ఫిన్లు వస్తున్నాయేమో చూసే పని. మన తీరానికి ఎదురుగా కృష్ణా-గోదావరి బేసిన్‌లో గ్యాస్, చమురు వెతికే సర్వే ఓడ మీద పని. ఓడ వెనక నీళ్లలో ఎయిర్‌గన్లు లాక్కెళ్తారు. పది పదిహేను సెకన్లకోసారి అవి బిగబట్టిన గాలిని ఒక్కసారిగా వదులుతాయి. ఆ చప్పుడు సముద్రం అడుగున రాతిపొరల్లోకి దిగి తిరిగొస్తే, కిలోమీటర్ల పొడవున్న కేబుళ్లలోని మైకులు పట్టుకుంటాయి. నీళ్లలో శబ్దం గాలిలోకన్నా నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. అందులోనూ మంద్రంగా ఉండే శబ్దం చాలా దూరం పోతుంది. నీలి తిమింగలాల లాంటివి ఒకదాన్నొకటి పిలుచుకునేది ఆ మంద్రస్థాయిలోనే. ఎయిర్‌గన్ల చప్పుడూ అలాంటిదే. గొడవంతా అక్కడుంది.

ఈ ఉద్యోగానికి కోర్సు ఒక్క రోజే. అసలు పరీక్ష ఆ తర్వాత: హెలికాప్టర్ సముద్రంలో పడితే బయటపడే శిక్షణ. నిన్ను సీటుకు కట్టేసి, ఆ డొక్కును స్విమ్మింగ్ పూల్లో తలకిందులు చేస్తారు. చేపలు పట్టే ఇంట్లో పుట్టి పూల్లో నీళ్లు మింగానని నాన్నకు ఇప్పటికీ చెప్పలేదు. మెడికల్, కాగితాలు, ఏజెంటు చుట్టూ తిరగడం అన్నీ అయ్యేసరికి సంక్రాంతి వెళ్లిపోయింది. కాకినాడలో బోటెక్కి ఓడ చేరాను. ఆ ఏడాది అంతర్వేది తీర్థం నాకు లేదు.

మా ఓడ పాటించింది 1995లో బ్రిటన్ వాళ్లు మొదలుపెట్టిన నియమాలు. గన్లు మొదలుపెట్టే ముందు చుట్టూ 500 మీటర్లలో తిమింగలం గానీ డాల్ఫిన్ గానీ లేదని చూడాలి. మామూలుగా అరగంట, 200 మీటర్లు దాటిన లోతులో గంట, ఎందుకంటే స్పెర్మ్ వేల్ అనే తిమింగలం మునిగితే అంతసేపూ పైకి రాకపోవచ్చు. కనపడితే, చివరిసారి చూశాక 20 నిమిషాలు ఆగాలి. తర్వాత కూడా ఒకేసారి కాకుండా, కనీసం 20 నిమిషాలపాటు శబ్దం పెంచుకుంటూ పోవాలి, పారిపోయేవి పారిపోవడానికి.

మొదటి వారంలోనే, గన్లు ఇంకా మొదలుపెట్టకముందు, డాల్ఫిన్ల గుంపు వచ్చింది. "ఆపండి" అని రేడియోలో చెప్పడానికి నా గొంతు పెగల్లేదు. ఆగిన ప్రతి గంటకూ లక్షలు పోతాయని పొద్దున టిఫిన్ దగ్గరే ఎవరో అన్నారు మరి. చెప్పాను. అవతల నుంచి "ఖాయమేనా?" అని మూడుసార్లు అడిగారు. ఆ టెన్షన్‌లో నా చేతిలో దూరం కొలిచే స్కేలు వణకడం ఇంకా గుర్తుంది. ఆగారు. ఆ రోజు నా ఉద్యోగం గొప్పదనిపించింది.

ఆ గర్వం దిగిపోవడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. ఒక ఉదయం గన్లు పూర్తి శక్తితో పేలుతున్నాయి. ఓడ అడుగున ఎవరో రోకటితో దంచుతున్నట్టు ఉంటుంది ఆ దెబ్బ. రెండు రోజులకు అలవాటై వినపడడం మానేస్తుంది. 10:20కి కుడివైపు, సుమారు 450 మీటర్ల దూరంలో, ఎడమకి వాలిన పొట్టి ఊట లేచింది, తిమింగలం వదిలిన ఊపిరి. స్పెర్మ్ వేల్‌కి పనిచేసే ముక్కురంధ్రం ఒక్కటే, తల ముందు భాగాన ఎడమ పక్కన. అందుకే ఊట అలా ఏటవాలుగా వస్తుంది, పొరబడే పనే లేదు. రేడియోలో చెప్పాను. "రాసుకోండి" అన్నారు. వాళ్ల తప్పేం లేదు. గన్లు ఒకసారి మొదలయ్యాక జంతువు ఆ పరిధిలోకి వచ్చినా ఆపాలని ఆ నియమాల్లో లేదు. నా అధికారం మొదటి పేలుడు దాకానే.

అది కదల్లేదు. నీళ్ల మీద తాటి మొద్దులా పడి ఉంది. "చూడండి, దానికేం పట్టలేదు, హాయిగా పడుకుంది" అన్నాడు పక్కనున్న టెక్నీషియన్. నాకు మాత్రం 2009లో అచ్చయిన ఒక పరిశోధన గుర్తొచ్చింది. గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఎనిమిది స్పెర్మ్ వేల్స్‌కి పరికరాలు అతికించి, గన్లు పేలుస్తూ గమనించారు. అవి దూరంగా పారిపోలేదు. ఓడకి అందరికంటే దగ్గరపడింది మాత్రం పేలుళ్లు జరిగినంతసేపూ పైనే ఉండిపోయి, ఆఖరి పేలుడు కాగానే లోతుకి మునిగింది. దాని తిండి లోతులోనే దొరుకుతుంది. పైన ఉండిపోవడమంటే ఆ పూట పస్తే కదా.

ఓడ గంటకు ఎనిమిది కిలోమీటర్లు పోతుంది. మొద్దు వెనక్కి వెళ్తూ చిన్నదైపోయింది. బైనాక్యులర్స్ దించలేదు నేను. సాధారణంగా పది నిమిషాలు ఊపిరి తీసుకుని మునగాల్సింది, ఇరవై దాటినా పైనే ఉంది. ఆ పూట సర్వే చేయాల్సిన లైను అయిపోయి గన్లు ఆపారు.

సాయంత్రం ఫారం నింపుతూ ప్రవర్తన గడిలో "శబ్దం ఆగేదాకా మునగలేదు" అని రాశాను. ఒడ్డున ఉన్న ఆఫీసు నుంచి మర్నాడు మెయిల్: ఇది అభిప్రాయం, తీసేయండి. ఒక్క తిమింగలంతో ఏదీ రుజువు కాదన్న సంగతి నాకూ తెలుసు. వాదించలేదు. ఆ వాక్యం కొట్టేసి టైములు మాత్రం ఉంచాను. 10:42, ఆఖరి పేలుడు. 10:44, తోక పైకెత్తి మునిగింది.