నాలుగో వచనం కూడా చదవండి

డిసెంబరు 31 రాత్రి చర్చిల్లో జరిగే వాచ్ నైట్ సర్వీసులో, కొత్త ఏడాదికి దేవుని మాటగా ఒక్కో బైబిలు వచనం రాసి పంచే వాగ్దాన కార్డుల్లో 126వ కీర్తన తరచుగా కనిపిస్తుంది. అయితే కార్డు మీద ఉండేది ఐదో వచనం ఒక్కటే. "కన్నీళ్లు విడుచుచు విత్తువారు సంతోషగానముతో పంట కోసెదరు." ఆ కార్డు వచ్చినవాళ్లు దాన్ని ఫోన్ కవర్ వెనక పెట్టుకుంటారు, స్టేటస్ పెడతారు. ఫిబ్రవరి దాటేసరికి "ఇంకా పంట రాలేదేంటి ప్రభువా" అని డీలా పడిపోతారు. చూస్తే నాకు బాధ, కోపం రెండూ వస్తాయి. కీర్తన మొత్తం ఆరు వచనాలే కదా! కార్డు దగ్గరే ఆగిపోకుండా బైబిలు తెరిస్తే ఎంత ధైర్యం దొరికేది!

మొదటి మూడు వచనాల్లో కార్యం జరిగిపోయింది. యెహోవా తన జనాన్ని బబులోను చెరలోనుంచి రప్పించాడు, అంతా కలలా ఉంది, నోటి నిండా నవ్వుంది. మన సంఘాల్లో దేవుడు చేసిన మేలు గురించి చెప్పే సాక్ష్యం సరిగ్గా ఇక్కడ ఆగుతుంది. అందరూ చప్పట్లు కొడతారు, మైకు ఇంకొకరి చేతికి వెళ్తుంది. కీర్తనకారుడు మాత్రం ఆపలేదు. "దక్షిణదేశములో ప్రవాహములు పారునట్లుగా యెహోవా, చెరపట్టబడిన మా వారిని రప్పించుము" అని నాలుగో వచనంలో మళ్లీ అడిగాడు. రప్పించాడని పాడిన నోటితోనే రప్పించమని వేడుకుంటున్నాడు.

ఎందుకంటే వాళ్లకు దొరికింది సగమే. క్రీస్తుపూర్వం 586లో బబులోనువాళ్లు యెరూషలేమును కాల్చి జనాన్ని చెరపట్టుకుపోయారు. 538లో, తిరిగి వెళ్లమని పారసీక రాజు కోరెషు ఇచ్చిన ఆజ్ఞ తర్వాత జనం తిరుగు ప్రయాణం కట్టారు. వచ్చి చూస్తే మందిరం లేదు, ప్రాకారాలు లేవు. మందిరానికి పునాది వేసిన రోజు ఏం జరిగిందో ఎజ్రా 3వ అధ్యాయం చివర ఉంది. చాలామంది సంతోషంతో కేకలు వేస్తుంటే, మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గొంతెత్తి ఏడ్చారు. ఏది సంతోషమో ఏది ఏడుపో తెలియనంతగా ఆ రెండు శబ్దాలూ కలిసిపోయాయి. "విశ్వాసం లేదా తాతా, ఏడవకు" అని ఆ ముసలివాళ్లను మందలించినట్టు వాక్యంలో ఎక్కడా లేదు. తర్వాత పని ఆగిపోయింది. తర్వాతి రాజు దర్యావేషు ఏలుబడి రెండో ఏట ప్రవక్తలైన హగ్గయి, జెకర్యా వచ్చి కదిలించాక గానీ మళ్లీ మొదలవలేదు. ఆరో ఏట పూర్తయింది. తీసుకొచ్చిన దేవుడే ఇంత నెమ్మదిగా కట్టించాడు. ఆయన ఆలస్యం చేస్తే మనల్ని మరిచాడని కాదు.

ఇక ఆ దక్షిణదేశపు ప్రవాహాల సంగతి. దక్షిణదేశమంటే ఇశ్రాయేలుకు దక్షిణాన ఉన్న నెగెవు ఎడారి ప్రాంతం. అక్కడి బెయేర్షెబా ఊరి దగ్గర ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, ఇంకా దక్షిణానికి పోతే అంత కూడా పడదు. మన హైదరాబాదులో పడేది సుమారు 800. అక్కడి వాగులు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి, రాళ్లు తేలి ఉంటాయి. ఎక్కడో కొండల మీద వాన పడితే ఇక్కడ ఒక్కసారిగా నీళ్లు వచ్చేస్తాయి. మన మూసీని చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. వికారాబాద్ వైపు అనంతగిరి కొండల్లో గట్టిగా వాన పడితే, సిటీలో ఎండ కాస్తున్నా గండిపేట చెరువు గేట్లు ఎత్తుతారు, మూసీ మీది లోతట్టు వంతెనలు మూసేస్తారు. 1908 సెప్టెంబరులో ఊరిని ముంచిన ఆ నది మీదే తర్వాత గండిపేట కట్టారు, దాని నీళ్లే ఊరు తాగింది. కీర్తనకారుడు అలాంటి నీళ్లనే అడుగుతున్నాడు. నా తల మీద మబ్బు కనబడకపోయినా నా కోసం ఇంకెక్కడో వాన కురిపించు ప్రభువా అని ప్రార్థిస్తున్నాడు. మీకు ఏమీ కనబడని ఈ రోజున ఆయన ఎవరి మనసు కదిలిస్తున్నాడో, ఏ తలుపు తెరుస్తున్నాడో మీకేం తెలుసు?

ఆరో వచనం అర్థం నాకు చెప్పింది మా అత్తమ్మ. ఆమెది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. "పిడికెడు విత్తనములు చేతపట్టుకొని యేడ్చుచు పోవు విత్తువాడు" అని చదివినప్పుడు, "ఎందుకు ఏడుస్తున్నాడో తెలుసా బిడ్డా?" అని అడిగింది. ఆమె చిన్నప్పుడు కరువు వస్తే ఇంట్లో విత్తనాల కుండ ఒక్కటే మిగిలేదట. పిల్లలు ఆకలని ఏడ్చినా ఆ కుండ ముట్టనిచ్చేవాళ్లు కాదట. వాన పడగానే తండ్రి ఆ గింజలు తీసుకెళ్లి మట్టిలో పోసి వచ్చేవాడట. వండితే ఒక పూట గడిచేది, ఆ పూటే మట్టిలో పోస్తున్నాడు, ఏడవడా మరి? యూదయలోనూ అంతే. వేసవి మొదట్లో కోసిన గోధుమలు అక్కడి తొలకరి నాటికి, అంటే అక్టోబరు, నవంబరుకు అడుగంటుతాయి, విత్తే రోజుల్లోనే ఇంట్లో తిండి కరువు. పైగా తిరిగి వచ్చినవాళ్లు విస్తారంగా విత్తినా కొంచెమే పండిందని హగ్గయి చెబుతున్నాడు. తిండి గింజల కోసం పొలాలు కుదువ పెట్టామని నెహెమ్యా 5వ అధ్యాయంలో జనం మొరపెట్టుకుంటున్నారు. ఆ ఇళ్లలో పిడికెడు విత్తనమంటే పిల్లల నోటి దగ్గరి ముద్దే.

అత్తమ్మ ఇది మాటల్లోనే చెప్పి ఊరుకోలేదు. మాది టెంట్ హౌస్. 2020 మార్చిలో లాక్‌డౌన్ పడి పెళ్లిళ్ల సీజన్ మొత్తం పోయింది. తీసుకున్న అడ్వాన్సులు తిరిగి ఇచ్చాం. గోడౌన్ అద్దె, ట్రాలీ ఆటో ఈఎంఐ ఆగవు కదా. ముందు నా గాజులు పోయాయి, తర్వాత ఇనప కుర్చీలు పాత సామాను రేటుకు పోయాయి, షామియానాలు ఎలుకలు కొట్టేశాయి. మా దగ్గర పనిచేసే కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లే దారి లేక గోడౌన్‌లోనే ఉండిపోయారు. మా బియ్యం బస్తా అడుగుకు వచ్చినా అత్తమ్మ రోజూ అందులోంచే వాళ్లకు కొలిచి పంపేది. కొలుస్తూ ఏడ్చేది. ఒక్క రోజు కూడా కొలవడం మానలేదు.

దేవుడు మమ్మల్ని మళ్లీ నిలబెట్టాడు. ఫంక్షన్లు మొదలయ్యాక ఆ కుర్రాళ్లే తిరిగొచ్చి, మా దగ్గర డబ్బు ఆడేదాకా జీతం అడగకుండా పనిచేశారు. ఆ వాన ఎక్కడ కురిసిందో మాకు అప్పుడు తెలిసింది. ఆయనకే మహిమ. అప్పు ఇంకా కొంత ఉంది. 2021 మేలో ప్రభువు దగ్గరికి వెళ్లిన మామయ్య ఈ లోకంలో మాకు తిరిగి రారు. "యోబుకు రెండంతలు ఇచ్చాడు" అని ఉత్సాహంగా చెప్పే బోధకులు యోబు గ్రంథం 42వ అధ్యాయం మెల్లగా చదవాలి. గొర్రెలు ఏడు వేలు పోతే పద్నాలుగు వేలు వచ్చాయి. పిల్లలు మాత్రం పదిమంది పోతే మళ్లీ పదిమందే. పోయిన పిల్లలను గొర్రెల్లాగా లెక్క కట్టలేమని దేవునికి తెలుసు. మా ఇంటి ప్రార్థనలో స్తోత్రం చెప్పేదీ మేమే, "రప్పించుము" అని అడిగేదీ మేమే, మామయ్య కోసం ఏడ్చేదీ మేమే. ఎజ్రా గ్రంథంలో ఆ జనమూ అలాగే నిలబడ్డారు. అందుకే మాకు సిగ్గు లేదు.

ఇప్పుడు కష్టంలో ఉన్న నా అన్నలకు, అక్కలకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెబుతున్నాను. పంట ఏ నెలలో అని దేవుణ్ణి నిలదీయకండి. ఉద్యోగం పోయిందా, ఏడుస్తూనే రేపు పొద్దున్న అప్లికేషన్ పెట్టండి. కానుకకు పది రూపాయలే ఉన్నాయా, ఆ పదే ఇవ్వండి. మాట్లాడటం మానేసిన కొడుక్కి ఫోన్ చేయండి, ఎత్తకపోతే వచ్చే వారం మళ్లీ చేయండి. కన్నీళ్లు ఆగాక విత్తుదామని కూర్చుంటే తొలకరి దాటిపోతుంది.

పాస్టర్ గార్లకు ఒక మనవి. ఈ ఆదివారం సాక్ష్యాల సమయంలో ఇంకా ఏ జవాబూ రాని ఒక చెల్లెలు లేస్తే, "విజయం వచ్చాక చెబుదువుగానిలే అమ్మా" అని కూర్చోబెట్టకండి. మైకు ఇవ్వండి. ఆమె చేత నాలుగో వచనం చదివించి, సంఘమంతా నిలబడి ఆమెతో కలిసి అడగండి.