ప్రశ్నావళి పక్కన పెట్టాను

ఎండలు ముదిరాక పనివేళలు ఎలా మారుతున్నాయన్నదే నా పీహెచ్‌డీ. నిన్న అంబాజీపేట వైపు ఓ కొబ్బరి పీచు యూనిట్‌కి వెళ్లాను. "పని ఒత్తిడికి 1 నుంచి 5లో ఎన్ని మార్కులేస్తారు?" అని అడిగితే, పీచు ఆరబోస్తున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "ముందు నీడలోకి రామ్మా, మార్కులు తర్వాత వేద్దాం" అంది. మజ్జిగా ఇచ్చింది. ఆవిడ జాకెట్టు వీపున తెల్లటి ఉప్పు చారలు.

తెల్లారగట్ల 5కే మొదలెట్టి 11కల్లా ఆపేస్తున్నారట. ఏ మేనేజరూ చెప్పలేదు, వాళ్లలో వాళ్లే అనుకున్నారు. కోనసీమలో థర్మామీటర్ 38 అంటే నమ్మకూడదు. గాలిలో తేమకి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. నేనేమో లెక్కల్లో గరిష్ఠ ఉష్ణోగ్రత ఒక్కటే పెట్టుకున్నాను (గైడ్ గారికి ఇంకా చెప్పలేదు, టెన్షన్‌గా ఉంది). మూడు నెలల డేటాకి తేమ కలుపుతూ కూర్చున్నాను.