ఆర్హుస్‌లో ఒక సర్వాస్ ఇంట

డెన్మార్క్ ప్రయాణంలో, ఆర్హుస్ నగరంలో హోటల్ గది తీసుకోకుండా, సర్వాస్ సభ్యులైన ఒక వృద్ధ దంపతుల ఇంట అతిథిగా ఉన్నాను. వివిధ దేశాల సామాన్యులు ఒకరి ఇంట ఒకరు బస చేసి మనసు విప్పి మాట్లాడుకుంటే శాంతికి దారి ఏర్పడుతుందన్న నమ్మకంతో, రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన కొద్ది కాలానికే, 1949లో ఆ దేశంలోనే మొదలైన ఈ సంస్థలో ఆతిథ్యానికి డబ్బు తీసుకోరు. సభ్యత్వానికి ముందు మనతో ముఖాముఖి మాట్లాడి, పరిచయ పత్రం ఇస్తారు. కొత్తవారి గడప తొక్కడానికి సంకోచించే నాకు ఆ పత్రం ఎంతో ధైర్యమిచ్చింది.

నేను శాకాహారినని ముందే రాసినందున, ఆ ఇంటి ఇల్లాలు నల్లని రై రొట్టె మీద ఉడికించిన బంగాళాదుంప ముక్కలు పేర్చి పెట్టారు. భోజనం తరువాత ఆయన, జర్మన్ ఆక్రమణ ముగిసిందన్న వార్త 1945 మే 4 సాయంత్రం రేడియోలో వినగానే జనం కిటికీల నల్ల తెరలు తొలగించి కొవ్వొత్తులు వెలిగించారనీ, ఏటా అదే సాయంత్రం తమ ఇంట ఇప్పటికీ వెలిగిస్తామనీ చెప్పారు. ఏ మ్యూజియంలోనూ ఆ చరిత్ర నాకింత దగ్గరగా అనిపించలేదు. బదులు ఆతిథ్యం ఇచ్చి తీరాలన్న నియమమేమీ లేకపోయినా, తిరిగి రాగానే హైదరాబాద్‌లోని మా ఇంటిని కూడా ఆతిథ్య జాబితాలో చేర్పించాను.