తక్కువ కట్టమని చెప్పే పని

పర్యావరణహిత భవన నిర్మాణంలో పనిచేయడం మొదలుపెట్టి నాకు 14 ఏళ్ళయింది. అందులో మొదటి 5 ఏళ్ళు భవనాలకు గ్రీన్ రేటింగ్ (భవనం ఎంత పర్యావరణహితమో తూచి ఇచ్చే గుర్తింపు) తెప్పించే ఒక సలహా సంస్థలో కాగితాల పని చేశాను. ఆ తర్వాత ఇద్దరు ఇంజనీర్లు, నలుగురు మేస్త్రీలతో కలిసి మట్టి ఇటుకలు ఒత్తుతూ, సున్నపు పూతలు వేస్తూ, పాత ఇళ్ళను బాగుచేస్తూ ఒక చిన్న సంస్థను నడుపుతున్నాను. ఈ రంగంలోకి రావాలనుకునే యువ ఇంజనీర్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న, ఏ సామగ్రి వాడితే మంచిదని. సామగ్రి సంగతి ముఖ్యమే కానీ, దానికంటే ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది: మీకు డబ్బు దేనికి అందుతోంది?

నిర్మాణ రంగంలో చాలామందికి పారితోషికం మొత్తం ఖర్చులో ఇంత శాతమనో, కట్టిన విస్తీర్ణాన్ని బట్టో ముడుతుంది. ఆ లెక్క ప్రకారం, అవసరం లేని ఒక గదిని పటంలోంచి తీసేసిన డిజైనరు తన సంపాదనను తానే తగ్గించుకున్నట్టవుతుంది. మేమూ మొదటి రెండేళ్ళు అదే పద్ధతిలో నడిచాం. అప్పుడు ఒక కుటుంబం తమ పాత ఇంటిని కూల్చి కొత్తది కట్టించాలని మా దగ్గరికి వచ్చింది. వెళ్ళి చూస్తే గోడలు గట్టిగా ఉన్నాయి, పునాది కుంగలేదు. వాళ్ళ బాధల్లా పైకప్పు కారడం, సాయంత్రమయ్యేసరికి పడమటి గది కాలిపోతుండటం. కప్పుకు మరమ్మతు చేసి, దాని పైన తెల్లని పూత వేసి, పడమటి గోడకు నీడ కల్పించి, వేడిగాలి బయటికి పోయేలా పైన కిటికీలు పెడితే సరిపోతుందని నాకు అక్కడే అర్థమైంది. అయినా ఆ మాట వాళ్ళకు చెప్పడానికి నాకు మూడు రోజులు పట్టింది. కొత్త ఇల్లు కడితే మాకు వచ్చే మొత్తంలో పదో వంతు కూడా ఆ మరమ్మతుకు రాదు, ఆ నెల జీతాలు ఇవ్వడమే కష్టంగా ఉంది. చివరికి చెప్పాం, మరమ్మతే చేశాం. కానీ ఆ మూడు రోజుల తటపటాయింపు నన్ను చాలాకాలం వెంటాడింది. ఆ ఏడాదే మా పద్ధతిని మార్చుకున్నాం. పరిశీలనకూ సలహాకూ విడిగా ఒక నిర్ణీత రుసుము, పనికి మనుషులు పనిచేసిన రోజుల లెక్కన కూలి, సామగ్రి మీద లాభం అసలు లేదు. అప్పటినుంచి "ఇది మీకు అక్కర్లేదు" అనే మాట మా నోటివెంట సులువుగా వస్తోంది.

తక్కువ కట్టడం ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే సిమెంటు ఎలా తయారవుతుందో చూడాలి. సున్నపురాయినీ బంకమట్టినీ కలిపి కొలిమిలో దాదాపు 1450 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే క్లింకర్ అనే గట్టి ఉండలు ఏర్పడతాయి, వాటిని కొద్దిగా జిప్సంతో కలిపి మెత్తగా పొడి చేస్తే సిమెంటు అవుతుంది. కొలిమిని మండించే ఇంధనం నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుందని అందరికీ తెలుసు. అయితే వెలువడే మొత్తంలో సగానికి మించిన భాగం ఇంధనం నుంచి కాక, వేడికి సున్నపురాయి విడిపోయే రసాయన చర్య నుంచే వస్తుంది. అందువల్ల కొలిమిని పూర్తిగా సౌరవిద్యుత్తుతో నడిపినా ఆ భాగం అలాగే ఉంటుంది. ప్రపంచంలో మనుషుల కారణంగా వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో సిమెంటు వాటా దాదాపు 7 నుంచి 8 శాతం. క్లింకర్‌ను సగానికి తగ్గించి, మిగతా చోటును 700 నుంచి 800 డిగ్రీల దగ్గర కాల్చిన బంకమట్టితోనూ కాల్చని సున్నపురాయి పొడితోనూ నింపే ఎల్‌సీ3 రకం సిమెంటు ఈ భారాన్ని సుమారు మూడో వంతు నుంచి 40 శాతం వరకు తగ్గించగలదు. దొరికిన చోట దాన్ని సంతోషంగా వాడతాం. అయినా, నిలబడి ఉన్న గోడను నిలిపి ఉంచడం వల్ల మిగిలేదాన్ని ఏ కొత్త సిమెంటూ మిగల్చలేదు, ఎందుకంటే ఆ గోడ కోసం వెలువడవలసింది ఏనాడో వెలువడిపోయింది. సున్నం గురించి కూడా ఒక మాట చెప్పాలి. అది దాదాపు 900 డిగ్రీల దగ్గరే కాలుతుంది, గట్టిపడేటప్పుడు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొంత తిరిగి పీల్చుకుంటుంది కూడా. అలాగని దానికి ఏ భారమూ లేదని కొనేవాళ్ళకు చెప్పడం న్యాయం కాదు.

కొత్తగా కట్టక తప్పనప్పుడు మేము ఎక్కువగా ఎంచుకునేది, ఒత్తి తయారుచేసి, కాల్చకుండానే వాడే మట్టి ఇటుక. పునాది కోసం తవ్విన గుంతలోంచి వచ్చిన మట్టే పనికొస్తే అంతకంటే అదృష్టం లేదు, లారీ అవసరమే ఉండదు. మట్టికి 5 నుంచి 10 శాతం సిమెంటు కలిపి, చేతితో నడిపే యంత్రంలో పోసి, పొడవాటి మీటను కిందికి నొక్కితే ఇటుక వస్తుంది. ఇలాంటి యంత్రాలకు దారి చూపిన సిన్వారామ్ అనే యంత్రాన్ని 1950లలో కొలంబియాలోని బొగోటాలో రౌల్ రామిరెజ్ అనే ఇంజనీరు రూపొందించాడు. ఇద్దరు మనుషులు, ఒక మీట, కరెంటు అవసరం లేని ఇనుప పెట్టె: చిన్న వ్యాపారానికి ఇంతకంటే అనువైన యంత్రాన్ని నేను చూడలేదు. అయితే యంత్రం నేర్చుకోవడం ఒక పూట పని, మట్టిని నేర్చుకోవడం ఏళ్ళ పని. గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్ళు పోసి, బాగా కుదిపి వదిలేస్తే ఇసుక నిమిషాల్లో అడుగుకు చేరుతుంది, దాని మీద ఒండ్రు పేరుకుంటుంది, బంకమట్టి తేరుకోవడానికి ఒక రోజైనా పడుతుంది. ఆ పొరల మందాన్ని బట్టి ఏ పాలు ఎంతో చూచాయగా తెలుస్తుంది. సిమెంటు కలిపే మట్టిలో సగం దాకా ఇసుక, అయిదో వంతు దాకా బంకమట్టి ఉంటే మంచిది. బంక ఎక్కువైతే సున్నం కలపడం మేలు. తడి సరిపోయిందో లేదో చూడటానికి మా మేస్త్రీలు మట్టిని ముద్ద చేసి భుజమెత్తు నుంచి నేల మీదికి వదులుతారు. అది నాలుగైదు పెళ్ళలుగా విడిపోతే తడి సరిగ్గా ఉన్నట్టు, పొడి పొడిగా రాలిపోతే చాలనట్టు, ముద్దగానే అతుక్కుంటే ఎక్కువైనట్టు.

ఈ పరీక్షలన్నీ తెలిసి కూడా మూడో ఏట నేను ఒక తప్పు చేశాను. ఒక ఇంటి పని సగంలో ఉండగా మట్టి అయిపోయింది. కొద్ది దూరంలోనే మరో గుంత తవ్వించి, రంగు ఒకేలా ఉంది కదా అని, పరీక్షించకుండానే ఇటుకలు ఒత్తించాను. పెద్ద మేస్త్రీ ఆ మట్టిని వేళ్ళతో నలిపి చూసి, "ఇది వేరే మట్టి సార్, జిగురెక్కువగా ఉంది" అన్నాడు. గడువు దగ్గరపడిందని నేను వినలేదు. మూడు నెలలకు ఆ గోడ నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు వచ్చాయి. గోడను మా ఖర్చుతోనే విప్పి మళ్ళీ కట్టాం. అప్పటినుంచి గుంత మారిన ప్రతిసారీ మట్టిని పరీక్షించాలి, పెద్ద మేస్త్రీ సరేనంటేనే ఇటుక ఒత్తాలి అనేది మా దగ్గర నియమం. కొత్త ఇటుకలను 4 వారాలు నీడలో తడిగా ఉంచే విషయంలోనూ ఆయన మాటే చివరిది.

స్థానిక వ్యాపారం అన్నప్పుడు చాలామంది దూరం గురించి మాత్రమే ఆలోచిస్తారు. ఇటుక ఎంత దూరం నుంచి వచ్చిందన్నది ముఖ్యమే, కానీ పదేళ్ళ తర్వాత ఆ గోడ పెచ్చులూడితే బాగుచేయగల మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నది నా దృష్టిలో ఇంకా ముఖ్యం. ఎక్కడినుంచో తెప్పించిన ఘనమైన గ్రీన్ ఉత్పత్తి పాడైనప్పుడు దాన్ని అమ్మినవాళ్ళు అందుబాటులో లేక, చివరికి పెకలించి పారేసిన ఇళ్ళను నేను చూశాను. సున్నపు పూత పగిలితే పక్క వీధిలోని మనిషి తాపీతో వచ్చి అరపూటలో సరిచేయగలగాలి. అందుకే మేము ప్రతి పనిలోనూ ఒకరిద్దరు కొత్తవాళ్ళను కూలి ఇస్తూ పని నేర్పడానికి పెట్టుకుంటాం. వాళ్ళలో కొందరు పని నేర్చుకుని సొంతంగా పనులు చేసుకుంటున్నారు, మాకు రావలసిన పనులు కొన్ని వాళ్ళకు వెళ్ళాయి. మొదట్లో నాకది కొంచెం నొప్పిగానే ఉండేది. ఇప్పుడు మరమ్మతు అడిగిన ఇంటికి దగ్గర్లో మా దగ్గర నేర్చినవాళ్ళు ఎవరున్నారో ముందు చూస్తాను.

రేటింగుల మీద నాకు చిన్నచూపు లేదు. బ్రిటన్‌లో 1990లో బ్రీయామ్, అమెరికాలో 1998లో లీడ్ అనే రేటింగ్ పద్ధతులు మొదలయ్యాక నీరు, విద్యుత్తు, గాలి, వ్యర్థాలు అన్నీ లెక్కలోకి రావాలనే పట్టుదల ఈ రంగానికి అలవడింది. నాకు ఇబ్బంది కలిగించింది, మా కాగితాల పని చాలావరకు మనుషులు ఆ భవనంలోకి రాకముందే ముగిసిపోవడం. తర్వాత అందులో ఎంత విద్యుత్తు ఖర్చయిందో మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ వెళ్ళి చూడలేదు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1991లో కట్టిన మొదటి పాసివ్‌హౌస్ ఇళ్ళను (వెచ్చగా ఉంచడానికి అతి తక్కువ శక్తి సరిపోయేలా కట్టినవి) తలచుకున్నప్పుడు నాకు గౌరవం కలిగేది ఇందుకే. వాటిలో మనుషులు నివసిస్తుండగానే కొలతలు తీసుకున్నారు, పాతికేళ్ళ తర్వాత మళ్ళీ కొలిచి చూశారు. అంత శాస్త్రీయంగా చేసే శక్తి మాకు లేదు. మేము చేయగలిగిందల్లా, కట్టిన ప్రతి ఇంట్లో రెండు థర్మామీటర్లు వదిలి, ఏడాది తర్వాత ఆ ఇంటి కరెంటు బిల్లులు అడిగి తెచ్చుకుని, పటం గీసినప్పుడు వేసిన అంచనా పక్కన రాసుకోవడం.

ఆ నోటుపుస్తకంలో ఇప్పటికి 31 ఇళ్ళ లెక్కలున్నాయి. వాటిలో 9 ఇళ్ళు మేము అనుకున్నదానికంటే ఎక్కువ విద్యుత్తు వాడుతున్నాయి. అయిదింటిలో కారణం తెలిసింది: రాత్రిపూట తెరవాలని మేము పెట్టిన పై కిటికీలకు దోమతెరలు లేకపోవడంతో ఇంట్లోవాళ్ళు వాటిని మూసే ఉంచుతున్నారు. పటం గీసేటప్పుడు అది మాకు తోచలేదు. ఈ నెలలో ఆ అయిదు ఇళ్ళకూ తెరలు బిగిస్తున్నాం. మిగతా నాలుగింటి సంగతి తేలాలంటే ఒక వేసవి అంతా వెళ్ళి చూడాలి.