సూదుల చదువు మొదలైంది
మొత్తానికి చైనా సంప్రదాయ వైద్యం, ఆక్యుపంక్చర్ డిగ్రీలో చేరిపోయాను. ఇంట్లోవాళ్లకి నచ్చజెప్పడం ఒక ఎత్తు, సూదులు గుచ్చే 361 బిందువులు ఒంట్లో ఎక్కడెక్కడున్నాయో బుర్రకెక్కించుకోవడం ఇంకో ఎత్తు. కొలత పద్ధతి మాత్రం భలే నచ్చింది. స్కేలు ఉండదు, రోగి వేళ్లే కొలబద్ద. బొటనవేలి వెడల్పు ఒక త్సున్ (చైనా వైద్యంలో కొలత), నాలుగు వేళ్లు కలిపితే మూడు. మోకాలిచిప్ప కింద, బయటివైపు గుంట నుంచి నాలుగు వేళ్లు దిగి, ఎముక అంచుకి ఒక వేలు పక్కకి జరిగితే జూసాన్లీ బిందువు. పొడుగువాళ్లకైనా పొట్టివాళ్లకైనా అదే లెక్క. నాడి చూడటమే అంతుపట్టట్లేదు. ఒక్కో మణికట్టు మీద మూడు చోట్లట, నాకన్నీ ఒకేలా కొట్టుకుంటున్నాయి! ఈ వైద్యం చెప్పే ప్రాణశక్తి ప్రవాహం గురించి సందేహాలు తీరలేదు. అనాటమీ కూడా చెప్తున్నారు కాబట్టి కాస్త ధైర్యం. మనుషులకి గుచ్చడానికి టైముంది, ప్రస్తుతానికి దూది ఉండల మీదే ప్రాక్టీసు.