సారా పాట ఆగిన సంవత్సరం

సారా వ్యతిరేక ఉద్యమం గురించి ఎవరు రాసినా కథ దూబగుంటలో మొదలై, అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమపు రాత్రి బడుల మీదుగా నడిచి, సంపూర్ణ మద్యనిషేధం ఫైలు మీద ఎన్టీఆర్ చేసిన సంతకం దగ్గర ముగుస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే మా నెల్లూరు జిల్లాలో పుట్టిన ఈ ఉద్యమాన్ని తాగుబోతు మొగుళ్ల మీద ఆడవాళ్ల తిరుగుబాటుగా మాత్రమే చూస్తే, ప్రభుత్వానికి డబ్బు ఎక్కడ పుడుతోందో వాళ్లు కనిపెట్టి సరిగ్గా అక్కడికే వెళ్లి అడ్డం కూర్చున్నారన్న అసలు సంగతి మరుగున పడిపోతుందని నా అభిప్రాయం.

ఆ రోజుల్లో సారా దుకాణాలను ప్రభుత్వం ఏటా వేలం వేసేది. జనం దానిని సారా పాట అనేవారు. పాట దక్కించుకున్న కాంట్రాక్టరు తాను ఒప్పుకున్న మొత్తాన్ని కిస్తీలుగా కట్టి, ప్రభుత్వ డిపో నుంచి సరుకు తీసుకొని, తన పరిధిలోని ఊళ్లలో అమ్ముకునేవాడు. పాట ఎంత ఎక్కువ పలికితే అంత ఎక్కువ తాగించక తప్పదు కనుక దుకాణం దాకా రాని వాడి ఇంటికి సరుకే జీపెక్కి వచ్చేది. చేతిలో డబ్బు లేని కూలీకి అప్పుగానూ, కొన్నిచోట్ల కూలి డబ్బుకు బదులుగానూ పాకెట్లు ఇచ్చేవారు. సారాను ప్లాస్టిక్ పాకెట్లలో నింపి అందించే 'వారుణి వాహిని' 1980లలో వచ్చింది. తరువాతి కాలంలో మద్యనిషేధ ప్రదాతగా పేరు పొందిన ఎన్టీఆర్ ప్రభుత్వమే దానిని తెచ్చిందన్నది అభిమానులు అంతగా గుర్తు చేసుకోని విషయం. రాష్ట్ర ఎక్సైజ్ ఆదాయం 1970-71లో 39 కోట్ల రూపాయలుండగా 1991-92 నాటికి 812 కోట్లకు చేరింది. తాగడానికి నీళ్లు రాని ఊరికి సారా మాత్రం వేళ తప్పకుండా వస్తోందని ఆడవాళ్లు అన్న మాట వెనుక ఈ లెక్క ఉంది.

1991 జనవరిలో జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా కార్యక్రమం మొదలైంది. జిల్లా యంత్రాంగంతో పాటు జన విజ్ఞాన వేదిక వంటి సంస్థల కార్యకర్తలు ఊరూరా కళాజాతాలు నడిపారు, పగలంతా పొలంలో వంగి పనిచేసిన ఆడవాళ్లు రాత్రిపూట లాంతరు వెలుగులో పలకలు పట్టారు. వాచకాలలోని కథలు వాళ్ల బతుకులకు దగ్గరగా ఉండేవి. తాగుడు వల్ల చితికిపోయిన కుటుంబం కథ చదివి, అది మన ఇల్లే కదా అని మాట్లాడుకోవడం అక్కడే మొదలైంది. కలిగిరి మండలం దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటి వాళ్లు ముందు నిలబడగా ఆడవాళ్లు ఊళ్లోకి సారా రాకుండా అడ్డుకున్నారు. ఆ గెలుపు తరువాతి వాచకంలో పాఠమై మిగతా ఊళ్లకు చేరింది. చదువు వల్ల చైతన్యం వచ్చిందని అందరూ అంటారు గానీ, చదువుకుంటున్న వాళ్లు చేసిన పనే మళ్లీ పాఠమై తిరిగి రావడం, ఒక ఊరి ఆడవాళ్లు చేసిన పనిని మరో ఊరి ఆడవాళ్లు కూడబలుక్కుంటూ చదివి తామూ చేసి చూపడం నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా అపురూపంగా తోస్తుంది. ఇబ్బంది పడిన ప్రభుత్వం ఆ పాఠాలను తొలగించింది. అప్పటికే ఆలస్యమైపోయింది.

చీపుర్లు, కారం పొడి పట్టుకొని దుకాణాల ముందు కాపలా కాయడం, పాకెట్లు కుప్పపోసి తగలబెట్టడం, తాగి వచ్చిన మొగుడికి అన్నం పెట్టకపోవడం అందరికీ తెలిసినవే. కానీ ఒక ఊళ్లో దుకాణం మూయిస్తే పక్క ఊళ్లో అమ్మకం పెరుగుతుంది, వచ్చే ఏడు కొత్త కాంట్రాక్టరు వస్తాడు. 1992లో వేలం పాటల కాలం వచ్చేసరికి ఆడవాళ్లు ఊరి పొలిమేర దాటి నెల్లూరికి బయలుదేరడానికి కారణం ఇదే. అధికారులు తేదీ ప్రకటించడం, వందల మంది ఆడవాళ్లు వచ్చి దారి కాయడం, పాట వాయిదా పడడం మళ్లీ మళ్లీ జరిగింది. పోలీసు బందోబస్తు మధ్య ఎలాగో పాట జరిపించినా, ఊళ్లోకి సరుకు దించలేని చోట లక్షలు పోసి ఎవరు పాడతారన్న ప్రశ్నకు అధికారుల దగ్గర జవాబు లేదు. వామపక్షాల మహిళా సంఘాలు, వావిలాల గోపాలకృష్ణయ్య వంటి గాంధేయవాదులు తోడు నిలిచారు. 'ఈనాడు' ఉద్యమ వార్తలకు విస్తారంగా చోటిచ్చింది. అయితే పార్టీలూ పత్రికలూ వచ్చేసరికే ఉద్యమం నడుస్తోందని, అవి దానిని పుట్టించలేదని గుర్తుంచుకోవాలి.

అప్పటి ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిది ఇదే జిల్లా. సొంత జిల్లాలో సారా పాట నడిపించలేకపోవడం ఏ ముఖ్యమంత్రికైనా తలవంపే. 1992 అక్టోబరులో ఆయన స్థానంలో కోట్ల విజయభాస్కరరెడ్డి వచ్చారు (ఆ మార్పుకు కారణాలు వేరు). 1993 ఏప్రిల్‌లో ముందు నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు.

ఆ తరువాతి కథ ఎన్నికల కథ. ఉద్యమ నినాదం 1994లో తెలుగుదేశం ఎన్నికల వాగ్దానమైంది, 1995 జనవరి నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది, 1997లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం ఆదాయ నష్టాన్నీ అక్రమ రవాణానూ కారణంగా చూపి దానిని ఎత్తివేసింది. ఎత్తివేత సమయంలో ఆడవాళ్లు ఎందుకు మళ్లీ కదల్లేదని కొందరు అడుగుతుంటారు. ఈ ప్రశ్నలో కొంత అన్యాయం ఉంది. సారాను ఆపినప్పుడు పని వాళ్ల చేతుల్లో ఉంది. మద్యనిషేధం అమలు మాత్రం పోలీసుల చేతుల్లోకి, ఎక్సైజ్ శాఖ చేతుల్లోకి వెళ్లిపోయింది. రాత్రి బడులు మూతపడ్డాయి. సారా పాకెట్లు తిరిగి రాలేదు గానీ ఆ ఖాళీని సీసాలు నింపాయి.

2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం దుకాణాలను తానే నడపడం మొదలుపెట్టింది, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు వ్యాపారులకు అప్పగించింది. ఈసారి 3,396 దుకాణాలను లాటరీ తీసి కేటాయించారు. దరఖాస్తుకు 2 లక్షల రూపాయల రుసుము, దుకాణం రాకపోయినా అది తిరిగి ఇవ్వలేదు. లాటరీ రోజుకే దరఖాస్తుల డబ్బు ఖజానాకు చేరిపోయింది గనుక, ఆ రోజు ఎవరైనా వచ్చి దారి కాసినా ఆగేది చీటీ తీయడమే తప్ప రాబడి కాదు.